వేరు మూట

పటాన్‌చెరు హైస్కూలు మైదానంలో జరిగే పారిశ్రామిక మేళాలో స్టాలు పెట్టమని కమలాకుమారి మేడం చెప్పినప్పుడు ముత్యమ్మకు నవ్వాగలేదు. మోటార్లు అమ్మేవాడు స్టాలు పెడతాడు, పైపులు అమ్మేవాడు పెడతాడు, బట్టలుతికేవాళ్ళు ఏం చూపిస్తారు, మురికా? మేడం మాత్రం నవ్వలేదు. ఆవిడ సంగారెడ్డిలో పరిశ్రమల ఆఫీసు ఉద్యోగి. ఆడవాళ్ళు నడుపుకునే చిన్నాచితకా పనులకు దారి చూపించడం ఆవిడ పని. కొంగు నడుముకు దోపుకుని ఊళ్ళు తిరిగే మనిషి. నీదీ సర్వీసే ముత్యమ్మా, నీ నోటితో నువ్వు చెప్పుకోకపోతే ఫ్యాక్టరీల వాళ్ళకు కలగంటే తెలుస్తుందా అని మందలించి, ఆడవాళ్ళ వరసలో ఓ మూల స్టాలు ఇప్పించింది.

ముత్యమ్మది వాగు ఒడ్డున రేకుల షెడ్డు. ఒకప్పుడు వాళ్ళ ఇంటివాళ్ళు ఊరి బట్టలు ఉతికేవాళ్ళు. పొలాల్లో ఫ్యాక్టరీలు లేచాక ఊరి బట్టలు తగ్గి, నీలం చొక్కాలు, తెల్ల కోట్లు, మెడ నుంచి మడమ దాకా ఒకటే కుట్టుగా ఉండే సూట్లు రావడం మొదలైంది. మగవాళ్ళు ఇస్త్రీ పెట్టెల దగ్గర ఉంటారు. వాగు దగ్గరి పని ముత్యమ్మది, ఆమె అత్త పోశమ్మది, తోటికోడలు సంగమ్మది. ఫ్యాక్టరీ గేటు నుంచి మూటలు మోసుకొచ్చేది ట్రాలీ ఆటో అజీజ్. ఇన్ని బట్టలకూ ఆధారం ఒక్క మందుల కంపెనీ. ఆ ఒక్క చెయ్యీ వెనక్కి తీసుకుంటే ఇల్లంతా పస్తే. అందుకే మేళాలో ఇంకో నాలుగు కంపెనీలు దొరికితే చాలని ముత్యమ్మ ఆశ.

ఆ ఇంట్లో ఆశ పెట్టుకున్నది ఇంకొకటి కూడా ఉంది. సంగమ్మకు అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లు నిలిచి, రెండుసార్లూ నాలుగో నెల దాటకుండానే పోయింది. వాడకట్టులో ఆడవాళ్ళు ఆమెను చూసి గొంతు తగ్గించడం నేర్చుకున్నారు. కడుపు నిలవని మనిషి అని ఒకరు, ఏదో దృష్టి అని ఒకరు. సంగమ్మ దేనికీ జవాబు చెప్పేది కాదు. చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది గనుక.

పోశమ్మ మాత్రం ఊరుకునే అత్త కాదు. కోడలు నీళ్ళోసుకుందని తెలిసిన రోజు నుంచీ ఆమెను వాగులోకి దిగనివ్వలేదు. తడి బట్ట ఎత్తనివ్వలేదు, బండ మీద బట్ట కొట్టనివ్వలేదు. కూర్చుని చేసే పనే ఇచ్చింది. పొడి మూటలు విప్పడం, సూట్లు ఒక్కొక్కటీ దులపడం, జేబులు తిరగేయడం, తర్వాత ఉబ్బ దగ్గర కూర్చుని మంట చూసుకోవడం. ఉబ్బ అంటే అడుగున పెద్ద బానలో చవుడు మన్ను కలిపిన నీళ్ళు మరుగుతుంటే, పైన బట్టలు దొంతరగా పేర్చి, గోనెపట్టా కప్పి, ఆవిరితో మురికిని వదలగొట్టడం. వెచ్చగా ఉంటుంది, కష్టం ఉండదు. మొదటి రెండుసార్లు కూడా పోశమ్మ ఇంత పదిలంగానే చూసుకుంది. కన్నతల్లి కూడా ఇట్ల చూసుకోదని వాడకట్టంతా మెచ్చుకుంది.

కంపెనీ మూటల్లో ఒకటి ఎప్పుడూ వేరుగా వచ్చేది. దానికి ఎర్ర తాడు. మూడో బ్లాకు సూట్లు, మిగతావాటితో కలపొద్దు అని గేటు దగ్గర అజీజ్‌కు చెప్పి పంపేవాళ్ళు. చాకలి ఇంట్లో వేరుగా కట్టిన మూటలు రెండే రకాలు. ఒకటి మైలది, రెండోది దొరది. కంపెనీకి మైల ఎక్కడ నుంచి వస్తుంది? కాబట్టి అది దొర మూటే అయి ఉంటుందని పోశమ్మ తేల్చేసింది. దొర మూటను బండకేసి కొట్టరు. ముందు చేత్తో సుతారంగా దులిపి, అన్నిటికంటే ఎక్కువసేపు ఉబ్బలో పెడతారు. అంత నెమ్మది చేయి ఇంట్లో సంగమ్మదే. ఆ సూట్ల మడతల్లోంచి పిండిలాంటి తెల్ల పొడి రాలేది. మందుల కంపెనీ కదా, మందు రాలక మన్ను రాలుతుందా అనుకున్నారు.

మేళా మొదటి రోజు ముత్యమ్మ స్టాలు ముందు కాకి కూడా వాలలేదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కోట్లు బల్ల మీద వరసగా పేర్చింది. అజీజ్ గుడ్డ బ్యానర్ మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాయించాడు. వచ్చేవాళ్ళు అటూ ఇటూ చూసి, ఇది బట్టల కొట్టనుకుని ధర అడిగి పోయారు. ఒకాయన కోటు తొడుక్కుని కూడా చూశాడు. ఎదురుగా మందుల కంపెనీ స్టాలు పెళ్ళిపందిరిలా ఉంది. కింద ఎర్ర తివాచీ, రంగు బల్బులు, వచ్చినవాళ్ళకు గులాబీ పువ్వు ఇచ్చే అమ్మాయిలు. ముత్యమ్మ నవ్వు మొహం పెట్టుకుని నిలబడింది.

సాయంత్రం ఆ స్టాలు నుంచి వరాహమూర్తి వచ్చాడు. ఆయన కంపెనీలో స్టోర్స్ ఆఫీసరు. ఉతుక్కి బట్టలు పంపేది ఆయనే. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. ముత్యమ్మ బల్ల చూసి జాలిపడ్డాడు. "తెల్లబట్టలు ఎవరైనా చూపిస్తారమ్మా. మురికి చూపించు. అది నీ చేతిలో తెల్లబడడం జనం కళ్ళారా చూడాలి. అప్పుడు వస్తారు నీ దగ్గరికి." ముత్యమ్మకు ఆ మాట నచ్చింది. చదువుకున్నవాడు ఊరికే చెప్పడు కదా అనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆటోలో బాన, చవుడు, గోనెపట్టాలు, కట్టెలు దిగాయి. స్టాలు ముందు ఖాళీ జాగాలో పొయ్యి పెట్టుకోవడానికి మేడం పర్మిషన్ ఇప్పించింది. ఏ మూట తేవాలన్న దగ్గర ముత్యమ్మ రెండో ఆలోచన చేయలేదు. పదిమంది ముందు పెట్టేటప్పుడు ఇంట్లో ఉన్నదాంట్లో గొప్పదే పెడతాం. ఎర్ర తాడు మూట తెచ్చింది. నెమ్మది చేయి కావాలి గనుక సంగమ్మనూ తెచ్చింది. సంగమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, తిరునాళ్ళకు వచ్చినట్టు సంబరంగా పీట మీద కూర్చుంది. కడుపు అప్పుడప్పుడే పైకి తెలుస్తోంది.

జనం నిజంగానే మూగారు. ఆవిరి పైకి లేస్తుంటే అదేం యంత్రమో చూద్దామని వచ్చినవాళ్ళు, బానను చూసి కూడా కదల్లేదు. ఫ్యాక్టరీల వాళ్ళల్లో సగం మంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. మా ఊళ్ళో మా పోచయ్య ఇట్లనే పెట్టేటోడు అని ఒకాయన పక్కవాడికి చెప్పుకున్నాడు. బేరింగుల కంపెనీ నుంచి ఒకాయన, బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి ఒకాయన నెలకు ఎన్ని జతలు ఉతకగలరని అడిగారు. ముత్యమ్మ గొంతు దానంతటదే పెరిగింది. సంగమ్మ సూటు భుజాలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే ఎండలో తెల్లటి పొడి లేచింది. చూశారా, ఇంత మురికి ఎట్లా పోతుందో చూడండి అని ముత్యమ్మ అందరికీ చూపించింది. మేడం దూరం నుంచి చూసి మురిసిపోయింది.

వరాహమూర్తి ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. వీళ్ళు మావాళ్ళే, మా బట్టలు ఉతికేది వీళ్ళే అని చెబుతున్నవాడు సగంలో ఆగాడు. నేల మీద ఎర్ర తాడు చూశాడు. సంగమ్మ చేతిలో సూటు చూశాడు. ఆమె కడుపు చూశాడు. ఆయన చేయి జేబులోకి పోయి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కాళ్ళు రెండడుగులు వెనక్కి వేశాయి.

"ఆ మూట ఇక్కడికెందుకు తెచ్చారు?"

"దొర మూట సారు," ముత్యమ్మ గర్వంగానే అంది. "మీరే జెప్పిన్రు గద మురికి సూపియ్యమని. జెర సేపు నిలబడున్రి, ఎట్ల తెల్లగైతదో సూడున్రి."

"దొర మూటేంటి? నీకేమైనా మతి ఉందా? ఆ బ్లాకు గుమ్మంలోకి మేం ఆడపిల్లల్నే రానివ్వం. నువ్వు కడుపుతో ఉన్న మనిషి చేత దులిపిస్తావా?"

ఆ మాట అన్నాక తానేమన్నాడో వరాహమూర్తికే తెలిసింది. అతిథుల వైపు చూసి, గడియారం చూసుకుని, వాళ్ళను మోటార్ల స్టాళ్ళ వైపు తీసుకుపోయాడు. వెనక్కి తిరగలేదు.

మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. బేరింగుల ఆయన ఏదో అడుగుతున్నాడు. ఆడపిల్లల్నే రానివ్వం. గుమ్మంలోకే. ఆమె కళ్ళు సంగమ్మ చేతుల మీద పడ్డాయి. మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. కనుబొమల మీద, కనకాంబరాల మీద, పై పెదవి మీద కూడా ఆ పొడే ఉంది. ముత్యమ్మ ఉబ్బ అంచున వేలాడుతున్న తడి గుడ్డ లాగి సంగమ్మ చేతులు తుడవడం మొదలుపెట్టింది. తర్వాత మొహం తుడిచింది. జడలో పువ్వులు పీకి పారేసి తల తుడిచింది. మళ్ళీ చేతులు తుడిచింది. ఆ గుడ్డ కూడా ఆ సూట్ల ఆవిరిలో నానిందేనని తట్టాక అప్పుడు విసిరేసింది. చుట్టూ జనం ఏమీ అర్థంకాక చూస్తున్నారు. సంగమ్మ మాత్రం ఎటూ కదలకుండా, చిన్నపిల్లలాగా మొహం పైకెత్తి పెట్టుకుని కూర్చుంది.

అజీజ్ పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించి మంట ఆర్పేశాడు. ఆ మూటను ప్లాస్టిక్ పట్టాలో చుట్టి దూరంగా పెట్టాడు. అతనూ ఆ మూటను ఏళ్ళుగా భుజం మీద మోస్తున్నవాడే. ఆ భుజాన్ని స్కూలు గోడకు రుద్దుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

సంగారెడ్డి పెద్దాసుపత్రికి మేడం కూడా ఆటోలో వచ్చింది. డాక్టరమ్మ సంగమ్మను పడుకోబెట్టి కడుపు మీద గొట్టం పెట్టి విని, బిడ్డ గుండె కొట్టుకుంటోందని చెప్పింది. ఇంకేమీ చెప్పలేనంది. ఏ మందు పొడో తెలియాలి. కొన్ని ఏమీ చేయవు, కొన్ని ఆడవాళ్ళ ఒంట్లోకి పోతే కడుపు నిలవనివ్వవు. పేరు తెలిస్తే తాను హైదరాబాదులో పెద్ద డాక్టర్లను అడుగుతానంది. ఇంతకుముందు ఎప్పుడైనా పోయాయా అని అడిగితే ముత్యమ్మ రెండు వేళ్ళు చూపించింది. డాక్టరమ్మ ఆ వేళ్ళ వైపు చూసి, మరోసారి అడిగింది, అప్పుడు కూడా ఇదే పని చేసేదా అని. ముత్యమ్మ తల ఊపింది. ఆ తల ఊపడానికి ఆమెకు ఒంట్లో ఉన్న బలమంతా పట్టింది.

ఇంటికొచ్చాక ముత్యమ్మ విన్న సంగతి అత్తకు చెవిలో చెప్పింది. పోశమ్మ ముందు నమ్మలేదు. తర్వాత నమ్మింది. కోడలిని పదిలంగా ఉంచాలని తానే పీట వేసి, తానే మూట విప్పి ముందు పెట్టిన పని అది. సంగమ్మకు ఎవరూ ఏమీ విడమరచి చెప్పలేదు. వేడి చేసిందన్నారు, పొడి ముట్టొద్దన్నారు. ఆమె సరేనంది. ఆమెకు అర్థమయినట్టు లేదని అందరూ అనుకున్నారు.

మేళా చివరి రోజు పొద్దున ముత్యమ్మ వరాహమూర్తి కోసం కాపు కాసింది. ఆయన రాగానే, సారు, నిన్న జరిగిందాని మీద కొట్లాడడానికి రాలేదు, ఆ పొడి పేరు ఒక్కటి చెప్పండి, డాక్టరమ్మకు కావాలట అంది. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. అవి కంపెనీ లోపలి విషయాలు, బయట చెబితే తన ఉద్యోగం పోతుంది. అయినా ఎర్ర తాడు కట్టి పంపుతూనే ఉన్నాం కదా, అదేంటని నువ్వు ఒక్కనాడైనా అడిగావా అన్నాడు. ఆ తర్వాత మరింత మెత్తగా, ఇక నుంచి ఆ మూట పంపనని, దాని బదులు కొత్త యూనిట్ బట్టలన్నీ ఇప్పిస్తానని, పెద్ద వాషింగ్ మెషీన్‌కు పైవాళ్ళతో మాట్లాడతానని చెప్పాడు. నిన్నటి గొడవ మాత్రం ఇక్కడితో మర్చిపోవాలి. మొన్నటి ముత్యమ్మ అయితే ఆ మాటకు ఆయన కాళ్ళకు దండం పెట్టేది.

ఆమె తన స్టాలుకు వచ్చి కూర్చుంది. చేతులు పని కోసం వెతుకుతున్నాయి. పెద్దాఫీసర్లు స్టాళ్ళు చూడడానికి వస్తున్నారని, ఖాళీగా ఉంటే బాగుండదని మేడం మెల్లగా గుర్తుచేసింది. ముత్యమ్మ వాగు ఇసుకతో తోమి కడిగిన బానను మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఇంటి నుంచి తెచ్చిన అత్త చీరలు, మగవాళ్ళ ధోవతులు, దుప్పట్లు దొంతర పేర్చింది. పైన పట్టా కప్పింది. ఆమె మనసు ఆ పని మీద లేదు. ఆ పొడి పేరు ఎవరినడిగితే తెలుస్తుందో అని ఆలోచిస్తూ కట్టెలు ఎగదోసింది.

నీళ్ళు మరిగాయి. పట్టా అంచుల నుంచి ఆవిరి వచ్చింది. గాలి ఎదురు వరస వైపు ఉంది.

మందుల కంపెనీ స్టాలులో ముందు ఒకమ్మాయి చూసింది. పక్కనున్నామెను మోచేత్తో పొడిచింది. ఇద్దరూ గులాబీల పళ్ళెం అక్కడే వదిలేసి లేచారు. టై కట్టుకున్న ఆఫీసరొకడు రుమాలు ముక్కుకు అదుముకుని తివాచీ దాటి బయటికి నడిచాడు, రెండడుగుల తర్వాత ఉరికాడు. వరాహమూర్తి అందరినీ తోసుకుంటూ, పదండి పదండి అంటూ మైదానం గేటు వైపు తోలాడు. కాసేపట్లో ఆ పెళ్ళిపందిరిలో పురుగు లేదు. రంగు బల్బులు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే పెద్దాఫీసర్లు అక్కడికి చేరారు. ఖాళీ స్టాలు ముందు నిలబడి, ఏమైంది వీళ్ళకని ఒకరినొకరు అడుగుతున్నారు.

ముత్యమ్మ లేచి నిలబడింది. వాళ్ళకు తెలుసు. స్టోర్స్ ఆఫీసరుకే కాదు, పువ్వులిచ్చే పిల్లలకు కూడా తెలుసు. తెలియంది తన ఇంటివాళ్ళకే.

"ఏం వేశావు దాంట్లో?" దూరం నుంచి వరాహమూర్తి అరిచాడు. "ఆ మూట వేశావా? ఆర్పెయ్ ముందు!"

ముత్యమ్మ పట్టా తీసింది. ఆవిరి ఆమె మొహానికి కొట్టింది. పైన ఉన్న చీరను కొసపట్టి లాగి, సెగకు వేళ్ళు కాలుతున్నా వదలకుండా, పైకెత్తి పట్టుకుంది. ఊదారంగు నేత చీర, అంచు చిరిగింది.

"మా అత్త చీరె సారు," అంది. అరవలేదు గానీ అక్కడున్న అందరికీ వినబడింది. "మా అత్త చీరె ఆవిరికే గంత దూరం ఉరికిన్రు. మా సంగి ఆరేండ్లాయె, గా మూట ఆవిరిల గూసోబట్టి. ఇద్దరు పోయిన్రు దానికి. ఇగ పేరు జెప్పు."

నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు. పెద్దాఫీసర్లలో తలపండిన ఒకాయన వరాహమూర్తి వైపు తిరిగి ఏ పేరని అడిగాడు. వరాహమూర్తి రుమాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. తర్వాత ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పాడు. ముత్యమ్మకు అది నోరు తిరగదు. కమలాకుమారి మేడం దాన్ని రెండుసార్లు పైకి అనుకుని, మాట మధ్యలో పోతుందేమోనన్నట్టు ఇంకెవరితోనూ మాట్లాడకుండా, డాక్టరమ్మకు ఫోను చెయ్యడానికి రోడ్డు మీది ఎస్టీడీ బూతు వైపు పరుగులాంటి నడక నడిచింది.

బేరింగుల ఆయన, బిస్కెట్ల ఆయన ఆ రోజు స్టాలు వైపు రాలేదు. రాబోరని ముత్యమ్మకు తెలిసిపోయింది. ఉతకమని ఇచ్చిన బట్ట మీద ఏముందని నలుగురిలో అడిగే చాకలిదాన్ని ఏ కంపెనీ పెట్టుకుంటుంది? మందుల కంపెనీ మూటలు కూడా ఆ రోజుతో సరి. అయినా ఆమెకు ఆ బాధ ఇంకా తగల్లేదు. అది రేపటి బాధ.

మేడం తిరిగొచ్చి చెప్పిన మాట పట్టుకుని ముత్యమ్మ పొద్దు గూకకముందే ఇల్లు చేరింది. సంగమ్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పోశమ్మ గడప మీద ఉంది. ముత్యమ్మ ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. అది ఆడవాళ్ళ ఒంట్లో కడుపును కదిలించే మందట. ఇక ముట్టకపోతే ఈ బిడ్డ నిలవొచ్చు, నిలుస్తుందని మాత్రం ఒట్టు పెట్టలేనన్నదట డాక్టరమ్మ. వారం వారం రమ్మన్నది.

సంగమ్మ గింజ తీస్తూనే విన్నది. కోపగిస్తుందని ముత్యమ్మ అనుకుంది. కోపగించాలని కూడా కోరుకుంది. ఒక తిట్టు తిట్టినా తన గుండె బరువు కొంత దిగేది.

"అక్కా," అంది సంగమ్మ చివరికి. "మొదలు పోయిన రెండు గూడ గా పొడితోనేనా?"

"గట్లనే అన్నది డాక్టరమ్మ."

"నిజంగ అన్నదా? నాకోసం జెప్తలేవు గద?"

"సంగీ, నీ మీదొట్టు."

సంగమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టింది. ఎవరినీ చూడకుండా, తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు చాలా నెమ్మదిగా అంది.

"అయితే నా కడుపు మంచిదే."

గడప మీద పోశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మొహం చూడని బిడ్డలకు ఏడవకూడదని, ఏడిస్తే వెనక వచ్చేది కూడా వాటి దారే పడుతుందని ఆ రెండుసార్లూ కోడలి నోరు మూసింది ఆమే. సంగమ్మ ఆ రెండుసార్లూ ఏడవలేదు. అన్నం వండింది, మూట విప్పింది, పీట మీద కూర్చుంది.

ఇప్పుడు ఆమె గొంతులోంచి ఏడుపు వచ్చింది. మొదట సన్నగా, తర్వాత వాడకట్టు మొత్తం తలుపులు తీసి చూసేంత గట్టిగా వచ్చింది. పోయిన ఇద్దరికీ పేర్లు పెట్టుకుందని అప్పుడే తెలిసింది. ఆ పేర్లు పట్టి పిలిచి ఏడుస్తోంది. కడుపులో బిడ్డకు మంచిది కాదు, ఊరుకో అని ముత్యమ్మ నోటి దాకా వచ్చింది గానీ అనలేకపోయింది. పోశమ్మ వైపు చూసింది. పోశమ్మ గడప మీది నుంచి పాకుతూ వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఈసారి ఆమె కోడలి నోరు మూయలేదు.